మూడు మరల తేడా

"బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా ముప్ఫై ఒకటికి మీ ఫోను మోగింది. మీరు ఎత్తలేదు. ఎందుకని?"

లారీల రిపేరు షెడ్డు మేస్త్రి అప్పటికే తుడిచేసిన స్పానర్ను గుడ్డతో మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

డిటెక్టివ్ తొందరపెట్టలేదు. తొందరపెట్టే ఓపికా లేదు. బోర్లించిన పెయింటు డ్రమ్ము మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. రవాణా శాఖలో ఇరవై ఆరేళ్ళు లారీల కిందా బస్సుల కిందా దూరి దూరి అరిగిపోయిన మోకాళ్ళవి. ఆ ఉద్యోగం వదిలేసి రెండు గదుల ఆఫీసు తెరిచినప్పుడు ఇక బండి కిందకి దూరే పని ఉండదనుకున్నాడు. తీరా చూస్తే ఈ కేసు మళ్ళీ అక్కడికే ఈడ్చుకొచ్చింది.

కేసు చూడటానికి చిన్నదే. ఘాట్ రోడ్డు దిగుతున్న ట్రైలర్ లారీ ఒకటి ఉన్నట్టుండి కుడికి కోసుకుపోయి, అడ్డం తిరిగి, ఎడమ పక్కకి పడిపోయింది. ముప్ఫై మూడేళ్ళ డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. నిద్రపోయాడన్నారు పోలీసులు. మేస్త్రి వెనక ఇరుసు కమాను సరిగ్గా బిగించలేదన్నారు లారీ కంపెనీవాళ్ళు. చనిపోయినవాడి అక్క మాత్రం రెండూ నమ్మలేదు. బట్టలు కుట్టే మనిషి. శుక్రవారం డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చి, తమ్ముడి ఫోను బల్ల మీద పెట్టి, "బాబాయిగారూ, వాడు పట్టపగలు కునుకు తీసే రకం కాదు. అసలేం జరిగిందో కనుక్కోండి" అని మాత్రం అంది. ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మొహం అది.

ఆ ఫోనులోనే దొరికింది ఒంటిగంటా ముప్ఫై ఒకటి. డ్రైవరు చేసిన ఆఖరి కాల్. ఈ మేస్త్రికే. లారీ పడింది ఒంటిగంటా యాభైకి.

"ఫోనున్న చొక్కా ఆ మేకుకి తగిలించి ఉంది సార్," అన్నాడు మేస్త్రి ఎట్టకేలకి. "భోజనానికి కూర్చున్నా. మోగింది. వినపడింది. చేతులు కడుక్కోవాలి కదా, తిన్నాక చేద్దాంలే అనుకున్నా."

"చేశారా?"

"రెండూ ఐదుకి చేశా. ఎవరో పోలీసాయన ఎత్తాడు."

అరవై దాటిన మనిషి. చెప్పి తల దించుకున్నాడు. ఈ సంగతి ఐదు రోజులుగా ఎవరికీ చెప్పి ఉండడని డిటెక్టివ్‌కి అర్థమైంది.

"ఎందుకు చేశాడంటారు?"

"బండి లాగుతోందని చెప్పడానికే. ఇంకెందుకు చేస్తాడు? నేను ఎత్తుంటే అక్కడే ఆపెయ్యమనేవాణ్ణి."

"సరే. మొదట్నుంచీ చెప్పండి. మంగళవారం ఏం చేశారు?"

పని గురించి అడిగేసరికి మేస్త్రి గొంతు కాస్త కుదుటపడింది. ఇరుసు మీద బరువంతా మోసే ఉక్కు పట్టీల కట్టనే షెడ్లలో కమాను అంటారు. ఆ లారీకి వెనక ఇరుసు ఎడమ కమానులో పెద్ద పట్టీ విరిగింది. ఎడమది ఒక్కటే మార్చెయ్యమని కంపెనీ నుంచి కబురు వచ్చింది.

"కుదరదన్నా. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క అలిసిపోయింది వేస్తే బండి ఒంటి కాలి మీద నడిచినట్టుంటుంది. మార్చితే జంటగా మార్చాలి. డ్రైవరు నా మాటే అన్నాడు. దాంతో కంపెనీ స్టోరు నుంచి రెండు కమాన్లు పంపారు. నల్లగా నిగనిగలాడుతున్నాయి."

"మరి?"

"అంత నిగనిగ ఏంటా అని ఆకురాయి పెట్టి గీశా. రంగు కింద తుప్పు గుంటలు. పట్టీల చివర్లు ఒకదాన్నొకటి తిని చేసుకున్న గాట్లు. ఉక్కు మీద ఉండే నంబరుని సుత్తితో చదును చేసేశారు. అవి పాతవి సార్. ఏ తుక్కు లారీవో విప్పి, వంపు సరిచేసి, రంగేసి కొత్తవని పంపారు. నేను వెయ్యనన్నా."

డిటెక్టివ్ వెన్ను నిటారు చేసి కూర్చున్నాడు. కంపెనీ మేనేజరు నిన్న గంటసేపు మాట్లాడాడు గానీ ఈ ముక్క పొరపాటున కూడా రాలేదు.

"డ్రైవరు ఏం చేశాడు?"

"ఆ కట్టలోంచి అన్నిటికన్నా చిన్న పట్టీ, ఇదిగో నా మోచెయ్యంత ఉంటుంది, అది విప్పించుకున్నాడు. గోనెగుడ్డలో చుట్టి పట్టుకెళ్ళాడు. గురువారం రవాణా ఆఫీసులో చూపిస్తానన్నాడు. తర్వాత డీలరు దగ్గరికి తనే వెళ్ళి అసలైన జత తెచ్చాడు. పట్టీల లెక్క, మందం, ఈ కొస కన్నం నుంచి ఆ కొస కన్నానికి పొడవు, మొయ్యాల్సిన బరువు, నాలుగూ పాత కమానుతో సరిపోయాకే పైకెక్కించా."

"యు-బోల్టులు?"

కమానుని ఇరుసుకి పట్టి ఉంచే వంపు బోల్టులవి. ఆ ప్రశ్నకి మేస్త్రి మొహంలో మొదటిసారి రోషం కనిపించింది.

"అన్నీ కొత్తవే. పట్టీల నడుమ దిగే మధ్య బోల్టులూ కొత్తవే. ఒకసారి బిగించిన యు-బోల్టు సాగిపోతుంది, దాన్ని మళ్ళీ వాడే అలవాటు ఈ షెడ్డులో లేదు. పక్కకి నాలుగు నట్లు. ఎదురెదురుగా, మూడు విడతలుగా, బలం చూపించే రెంచితో బిగించి, ఒక్కొక్క నట్టు మీదుగా బోల్టు దాకా పసుపు గీత గీశా. నట్టు ఇసుమంత కదిలినా గీత విరుగుతుంది. ఒక రోజు తిరిగాక తీసుకురా, మళ్ళీ బిగిస్తా అన్నా. బండి ఐదింటికి బయటికెళ్ళింది."

"స్టోరువాళ్ళ మీద డ్రైవరు ఏమన్నా అన్నాడా?"

"ఫోనులో గట్టిగానే కేకలేశాడు. పెట్టేశాక నాతో ఒక్క మాటన్నాడు. దీన్ని పంపినవాడి సంగతి ఇంట్లోనే తేల్చుకుంటా మేస్త్రీ అని."

"ఇంట్లోనే అన్నాడా? ఆఫీసులో అనలేదూ?"

"ఇంట్లోనే అన్నాడు. నేను పట్టించుకోలేదు. కోపంలో ఉన్నాడు కదా."

డిటెక్టివ్ పుస్తకంలో ఆ మాట రాసుకుని, కింద గీత గీశాడు. లేచేటప్పుడు మోకాలు కలుక్కుమంది.

*

పోలీసు యార్డుకి చేరేసరికి పన్నెండు దాటింది. లారీని వెనక గోడవారన పడేశారు. డిటెక్టివ్ గేటు దగ్గర సంతకం పెట్టి, చొక్కా చేతులు మడిచి, పాత అట్టపెట్టె ఒకటి నేల మీద పరిచి దాని మీద వెల్లకిలా పడుకుని వెనక ఇరుసు కిందకి జరిగాడు. నడుము బిగుసుకుపోయింది. ఇక్కడే కాసేపు కళ్ళు మూసుకుంటే ఎవరూ అడగరు కదా అని ఒక్క క్షణం అనిపించింది.

టార్చి వేశాడు.

ముందు కుడి పక్క. నాలుగు నట్ల మీదా పసుపు గీతలు చెక్కుచెదరలేదు. నట్టు దాటి బయటికి కనిపిస్తున్న బోల్టు మరలు, అంటే దాని మీది గాడి చుట్లు, లెక్కపెట్టాడు. ఆరు. నాలుగింటికీ ఆరే. మేస్త్రి చేతిలో పనితనం ఉంది.

తర్వాత ఎడమ పక్క. ఎండిపోయిన బురదని గోటితో గీకుతూ పోయాడు. మధ్య బోల్టు అడ్డంగా తెగింది. తెగినచోట ఉక్కు తళతళమంటోంది. పాత పగులు కాదు. ఇరుసు ఎడమ కొస జానెడు వెనక్కి జరిగిపోయింది. వెనక చక్రాలు ఎడమకి తిరిగితే బండి ముక్కు కుడికి కోస్తుంది. అదే జరిగింది. నాలుగు నట్లలో ఒకటి రాలిపోయింది. మూడున్నాయి. మూడింటి మీదా పసుపు గీత విరిగింది. మరలు లెక్కపెట్టాడు. మూడు. పక్కదానికీ మూడు. దాని పక్కదానికీ మూడే.

మళ్ళీ లెక్కపెట్టాడు. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి లెక్కపెట్టాడు.

నట్టుని ఒక చుట్టు విప్పితే ఒక మర దాని కింద దాగిపోతుంది. కుదుపులకి వదులైన నట్లు ఒక్కోటి ఒక్కోలా వదులవుతాయి. ఒకటి చుట్టు తిరిగితే ఇంకోటి పావు చుట్టు తిరుగుతుంది. మూడు నట్లు సరిగ్గా మూడేసి చుట్లు వెనక్కి వచ్చాయంటే అది రోడ్డు చేసిన పని కాదు. ఎవరో స్పానర్‌కి గొట్టం తొడిగి, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టుకుంటూ విప్పారు. పూర్తిగా విప్పలేదు. పొద్దున బండి మామూలుగానే కదలాలి, తర్వాత ఎక్కడో జారాలి. అంతవరకే.

"గురువుగారూ, బయటికొస్తారా, లేక కాఫీ అక్కడికే పంపించమంటారా?"

బూట్లు కనిపించాయి. ఇన్‌స్పెక్టర్. డిటెక్టివ్ మెల్లగా బయటికి జరిగి, చక్రం పట్టుకుని లేచాడు. చెయ్యి అందించలేదు అతను. అందిస్తాడని ఇతనూ అనుకోలేదు. రెండేళ్ళ క్రితం ఇలాంటిదే ఒక కేసులో ఇన్‌స్పెక్టర్ రాసినదాన్ని డిటెక్టివ్ కోర్టులో ముక్కముక్కలు చేశాడు. అప్పట్నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"యార్డులోకి రావడానికి పర్మిషన్ ఉంది," అన్నాడు డిటెక్టివ్.

"ఉంది. అందుకే బయటికి గెంటలేదు. డ్రైవరు నిద్రపోయాడు. ఫైలు మూసేశాం. మీ వాహన తనిఖీ శాఖే బండిలో లోపం లేదని రాసిచ్చింది."

"ఎన్నింటికి రాసిచ్చింది?"

"ఏంటి?"

"రిపోర్టు మీద టైముంటుంది. చూడండి."

ఇన్‌స్పెక్టర్ చంకలోని ఫైలు తెరిచాడు. "బుధవారం సాయంత్రం నాలుగున్నర."

"క్రేను ఎన్నింటికొచ్చింది?"

ఇన్‌స్పెక్టర్ ఫైలులో వెతికాడు.

"గురువారం పొద్దున ఎనిమిదింటికి. క్రేను అతన్ని అడిగే వస్తున్నా. అప్పటిదాకా ఈ బండి ఎడమ పక్క ఇరుసుదాకా బురదలో కూరుకుపోయి ఉంది. మరి నాలుగున్నరకి ఎడమ కమాను ఎవరు చూశారు? ఎలా చూశారు?"

"ఈ నెల్లో నాకు పదకొండు యాక్సిడెంట్లు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో వెటకారం పోయింది. కళ్ళ కింద నల్లటి చారలు. అతనూ సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. "ఇంకో సంగతి కూడా వినండి. కంపెనీవాళ్ళు బుధవారం సాయంత్రానికే స్టేషన్‌కి వచ్చి కూర్చున్నారు. మేస్త్రిని లోపలెయ్యమన్నారు. ఆ ముసలాయన్ని చూశాను. జైలు తట్టుకునే మనిషి కాదు. నిద్ర అని రాస్తే ఎవరూ జైలుకెళ్ళరు. చచ్చినవాడు ఎలాగూ చచ్చాడు. అది మీకు తప్పుగా కనిపించొచ్చు."

 ఈ ఇన్‌స్పెక్టర్ లంచం తిన్నాడనే డిటెక్టివ్ ఇన్నాళ్ళూ అనుకున్నాడు. అలా అనుకోవడమే సుఖంగా ఉండేది.

"ఆ చచ్చినవాడికో అక్క ఉంది," అన్నాడు. "తమ్ముడు తన తప్పుతోనే చచ్చాడని వీధి వీధంతా అంటుంటే, ఆవిడ మిషను ముందు కూర్చుని వినాలి. రండి. ఒక్కసారి వంగి చూడండి. నేను నోరు మూసుకుంటా."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి పక్కనున్న తన జీపు బానెట్ మీద పెట్టాడు. వంగి లోపలికి చూశాడు. డిటెక్టివ్ టార్చి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మరలు లెక్కపెట్టారు, కుడిపక్క ఆరు, ఎడమపక్క మూడు. రెండోసారి లెక్కపెట్టమని ఎవరూ చెప్పకుండానే ఇన్‌స్పెక్టర్ లెక్కపెట్టాడు. పైకి లేచి చేతులు దులుపుకున్నాడు.

"మేస్త్రే విప్పి ఉండొచ్చుగా?"

"తను గీసిన గీతని తనే విరగ్గొట్టి, మళ్ళీ బిగిస్తా బండి తీసుకురా అంటాడా? బండి మంగళవారం ఐదింటికి షెడ్డు దాటింది. బుధవారం పొద్దున ఆరున్నరకి ట్రిప్పుకి బయల్దేరింది. మధ్యలో ఎక్కడుంది?"

"కంపెనీ యార్డులో. గేటు రిజిస్టరు కాపీ తీసుకున్నాం." ఇన్‌స్పెక్టర్ కాగితాలు తిరగేశాడు. "ఇదిగో. ఐదూ నలభైకి లోపలికి. ఆరున్నరకి బయటికి. మాకు కావాల్సింది ఆ రెండే."

"మధ్యలో వరసలు చదివారా?"

చదవలేదని అతని మొహమే చెప్పింది. కాగితం డిటెక్టివ్ చేతికిచ్చాడు. వాచ్‌మన్ వంకరటింకర రాత. మంగళవారం ఎనిమిదింటికి ఆఖరి మనిషి వెళ్ళిపోయాడు. తర్వాత వరస బుధవారం తెల్లవారుజామున. ఐదూ పది, లోపలికి. ఐదూ నలభై ఐదు, బయటికి. ఎదురుగా ఒకే సంతకం. సంతకం పక్కన వాచ్‌మన్ రాసిన మాట: స్టోర్ కీపరు.

"స్టోరు తొమ్మిదింటికి తెరుస్తారు," అన్నాడు డిటెక్టివ్. "ఐదింటికి ఇతనికేం పని? పాత కమాన్లకి రంగేసి పంపింది ఈ స్టోరే. దాని తాలూకు ముక్క డ్రైవరు దగ్గరుంది. గురువారం చూపిస్తానన్నాడు. ఎవరీ మనిషి?"

"మెతక మనిషండీ. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. ఆస్పత్రిలో శవాన్ని గుర్తుపట్టింది అతనే. నిలబడలేక గోడకి జారబడిపోయాడు. మేమే నీళ్ళు తాగించాం."

"శవాన్ని అతనెందుకు గుర్తుపట్టాడు?"

ఇన్‌స్పెక్టర్ వింతగా చూశాడు. "మీకు తెలీదా? చచ్చిపోయినవాడి బావ. మీ దగ్గరికి వచ్చిన ఆవిడ మొగుడు."

డిటెక్టివ్ పుస్తకంలో శుక్రవారం రాసుకున్న పేజీ తిరగేశాడు. మా ఆయన కంపెనీలోనే చేస్తారు, తమ్ముడికి ఆ ఉద్యోగం ఆయనే ఇప్పించారు అని ఆవిడ చెప్పింది. ఏం చేస్తారని తను అడగలేదు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం, ఏడేళ్ళ డిటెక్టివ్ పని, అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు. దీని సంగతి ఇంట్లోనే తేల్చుకుంటానని డ్రైవరు అన్నది అందుకే. ఇల్లు చెడకూడదని బావకి ఒక అవకాశం ఇచ్చి ఉంటాడు. బావ కూడా చంపాలనుకున్నాడో లేదో. బండి లాగితే మేస్త్రి మీదకి పోతుంది, కొత్త కమాన్ల మీద నమ్మకం పోతుంది, గురువారం వాయిదా పడుతుంది అనుకున్నాడేమో. నట్టు మూడు చుట్లు తిప్పేటప్పుడు మనిషి ఏమనుకున్నాడో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

"అతనిప్పుడు స్టోరులో ఉన్నాడా?" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే కంపెనీకి ఫోను కలిపాడు. రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. "పావుగంట క్రితం సెలవు పెట్టి ఇంటికెళ్ళాడట. ఒంట్లో బాలేదని."

డిటెక్టివ్ ఆవిడ నంబరు నొక్కాడు. మూడో రింగుకి ఎత్తింది. వెనక కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"అమ్మా, మీ తమ్ముడు గోనెగుడ్డలో చుట్టిన ఇనప ముక్క ఏదన్నా మీ ఇంట్లో పెట్టాడా?"

"అదా బాబాయిగారూ. మంగళవారం సాయంత్రం తెచ్చి నా మిషను కింద పెట్టాడు. గురువారం పట్టుకెళ్తానన్నాడు. ఇంకా అక్కడే ఉంది. ఎందుకూ?"

"దాని సంగతి ఇంకెవరికన్నా తెలుసా?"

"ఎవరికీ తెలీదు. మా ఆయనే నిన్నా మొన్నా ఇల్లంతా వెతుకుతున్నారు. ఏం పోయిందంటే చెప్పరు. ఇందాకే గుర్తొచ్చి ఫోను చేసి అడిగా, తమ్ముడు పెట్టిన ఇనప ముక్క కోసమా అని. ముట్టుకోకు, నేను వస్తున్నా అన్నారు."

ఇన్‌స్పెక్టర్ జీపు తలుపు తెరిచి ఇంజను స్టార్ట్ చేశాడు. డిటెక్టివ్ మోకాలి సంగతి మర్చిపోయి ఎక్కాడు. 

"అమ్మా, నేను చెప్పినట్టు చెయ్యి. ఆ ముక్క తీసుకుని పక్కింటికి వెళ్ళి కూర్చో. ఎవరొచ్చినా తలుపు తియ్యకు. మేం పది నిమిషాల్లో వస్తాం."

"ఎవరొచ్చినా అంటే? మా ఆయన వస్తున్నారని చెప్పాగా."

"బుధవారం తెల్లవారుజామున ఎవరో ఆ బండి నట్లని చుట్లు లెక్కపెట్టి వదులు చేశారమ్మా," అన్నాడు డిటెక్టివ్. జీపు గేటు దాటి రోడ్డెక్కింది.  

"బాబాయిగారూ," అంది ఆవిడ. గొంతు మారింది, ప్రాణం లేనట్టుంది. "ఆయన బుధవారం పొద్దున నాలుగున్నరకే లేచారు. ఎక్కడికంటే స్టోరులో లెక్క చూసుకోవాలన్నారు. ఆరింటికి తిరిగొచ్చారు. చొక్కాకి మోచేతుల దాకా గ్రీజు. స్టోరులో పనిచేసే మనిషికి అంత గ్రీజేంటని అడిగా కూడా."

"అమ్మా, ముందు బయటికి నడు."

"ఆ చొక్కా నేనే ఉతికాను బాబాయిగారూ. రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికాను."

ఫోనులో గేటు గడియ తీసిన చప్పుడు వినపడింది. తర్వాత చెప్పులు విడిచిన చప్పుడు. ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. ఎక్కడో పక్కన ఆనించినట్టు గరగరమంది. గోనెగుడ్డ నేల మీద ఈడ్చిన శబ్దం. ఆ తర్వాత ఆవిడ గొంతు దూరం నుంచి, డిటెక్టివ్‌తో కాదు, లోపలికొచ్చిన మొగుడితో, చాలా మెల్లగా అడుగుతోంది.

"ఎన్ని చుట్లు తిప్పారు?"